ఓడిన తీర్పు ముందు చదవండి

వారమంతా నేను ఒకే వైపు వాదిస్తాను, వకాల్తా ఇచ్చినవాళ్ల వైపు. విశాఖ కోర్టులో సివిల్ సైడ్ ప్రాక్టీసు నాది. పంపకాల దావాలు, ఇంజంక్షన్లు, ఇల్లు ఖాళీ చేయించే కేసులు. ఆదివారం పొద్దున్న మాత్రం ఎంవీపీ కాలనీలో మా మేడమీద గదిలో లా చదివే పిల్లలు కొందరు చేరతారు. ఎవరు ఎటు వాదించాలో చీటీలు తీస్తారు. మధ్యలో టీ. టీ అయ్యాక ఇటువాళ్లు అటు, అటువాళ్లు ఇటు మారాలి. అప్పటిదాకా గొంతు చించుకుని కొట్టిపారేసిన మాటనే ఇప్పుడు తమ మాటగా నిలబెట్టాలి.

ఈమధ్య ఒక కుర్రాడి నాన్నగారు ఫోన్ చేశారు. "మేడం, మావాడు మీ దగ్గరికి రాకముందు ఒక మాటమీద ఉండేవాడండీ. ఇప్పుడు టీవీలో ఏ చర్చ వచ్చినా, అది కాదు నాన్నా, అవతలివాడు చెప్పేదాంట్లో కూడా పాయింటుంది అని మొదలెడుతున్నాడు. ఇలాగైతే రేపు కోర్టులో ఏం నిలబడతాడు?" అన్నారు. ఆయన పోర్టులో పనిచేసి రిటైరయ్యారు, మర్యాదస్తులు. కోపంగా అన్న మాట కాదు, నిజంగానే బెంగపడుతున్నారు. ఎదురుగా క్లయింటు కూర్చుని ఉండటంతో ఫోన్లో సరిగ్గా చెప్పలేకపోయాను. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

నేను జూనియర్‌గా చేరిన కొత్తలో మా సీనియర్‌గారు ప్లెయింటు, అంటే దావా కాయితం, రాసుకురమ్మంటే, దాంతోపాటు దానికి జవాబుగా అవతలివాళ్లు వేసే రిటెన్ స్టేట్‌మెంటు కూడా నన్నే రాసుకురమ్మనేవారు. అది బాగా రాకపోతే ప్లెయింటు చూసేవారే కాదు. "నీ కేసులో చిల్లు ఎక్కడుందో వాళ్లకి తెలిసేలోపు నీకు తెలియాలి" అనేవారు. రెండు వైపులా వాదించడం నేనేదో కొత్తగా కనిపెట్టిన విద్య కాదు, ప్లీడరు ఆఫీసుల్లో ఎప్పటినుంచో ఉన్నదే. కాలేజీల్లోనూ మూట్ కోర్టులుంటాయి, ఉత్తుత్తి కేసుల మీద వాదన పోటీలు. మూట్లో మాత్రం మార్కులుంటాయి, కప్పుంటుంది. దాంతో పిల్లల ధ్యాసంతా "మై లార్డ్" ఎక్కడ అనాలి, గౌను ఎలా సర్దుకోవాలి అన్నదాని మీదకి పోతుంది.

మా దగ్గర రూలు ఒక్కటే. ఎదుటివాళ్లకి జవాబు చెప్పేముందు, వాళ్లన్నది నీ మాటల్లో తిరిగి చెప్పాలి. వాళ్లు "అవును, నేనన్నది అదే" అనాలి. "కాదు" అంటే మళ్లీ చెప్పాలి. వినడానికి చాలా తేలిక. కొత్తగా వచ్చినవాళ్లకి ఒక్కోసారి గంట దీంట్లోనే గడిచిపోతుంది. ఎందుకంటే మనం ఎదుటివాడి మాటని తిరిగి చెప్పేటప్పుడే, మనకి తెలియకుండా, దాన్ని కాస్త వెర్రిమాటగా మార్చేస్తాం. కొట్టడానికి వీలుగా ఉంటుందని. "అంటే మీరనేది ఆడపిల్లలు ఇంట్లో కూర్చోవాలనేగా?" ఇలాగన్నమాట. అవతలి పిల్ల "నేనెప్పుడన్నాను?" అని లేస్తుంది. ఇక అక్కడినుంచి వాదన పోయి తగువు మొదలు. టీవీ చర్చల్లో రోజూ జరిగేది ఇదే.

ఇంకో అలవాటు కూడా చేయిస్తాను. ఏదైనా పెద్ద తీర్పు తీసుకుంటే, గెలిచిన తీర్పు పక్కన పెట్టి, ఓడిన తీర్పు ముందు చదవమంటాను. బెంచిలో ఒప్పుకోని జడ్జి ఉంటే ఆయన రాసినది, లేకపోతే కింది కోర్టులో గెలిచి పైన ఓడిపోయినది. పిల్లలు కోచింగ్ నోట్సులో హెడ్‌నోట్, అంటే తీర్పు పైన ఉండే సారాంశం, చదువుకుని వస్తారు. "సుప్రీంకోర్టు చెప్పేసింది కదా మేడం" అంటారు. చెప్పింది నిజమే. ఎంతమంది చెప్పారు? చెప్పనన్నవాళ్లు ఎందుకు చెప్పనన్నారు?

మొదటిసారి వచ్చినవాళ్లకి సమతా కేసు ఇస్తాను. బొర్రా గుహలకి వెళ్లని విశాఖ పిల్ల ఉండదు. కిరండూల్ రైల్లో అద్దాల బోగీ ఎక్కి, సొరంగాలు వచ్చినప్పుడల్లా కేకలు వేసుకుంటూ, దిగాక బొంగు చికెన్ తిని ఫొటోలతో తిరిగొస్తారు. ఆ గుహల చుట్టుపక్కల గనుల లీజుల మీదే దేశం మొత్తానికి వర్తించే తీర్పు వచ్చిందని మాత్రం లా స్టూడెంట్లలోనూ చాలామందికి తెలియదు. అప్పటికి ఆ గుహలున్న అనంతగిరి మండలం విశాఖ జిల్లాలోనే ఉంది. 2022 నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లింది. ఏజెన్సీలో భూమి గిరిజనేతరులకి బదిలీ కాకూడదని మన 1/70 చట్టం. మరి ప్రభుత్వమే తన భూమిని గనుల కోసం ప్రైవేటు కంపెనీకి లీజుకిస్తే? చట్టంలోని "వ్యక్తి"లో ప్రభుత్వం కూడా వస్తుందని, అలా ఇవ్వకూడదని 1997లో ఇద్దరు జడ్జీలన్నారు. జస్టిస్ పట్నాయక్ ఒక్కరే ఒప్పుకోలేదు. ఈ చట్టం గిరిజనుడికీ గిరిజనేతరుడికీ మధ్య లావాదేవీల కోసం వచ్చింది, ప్రభుత్వ భూమిని దీంట్లోకి లాక్కురాకూడదన్నారు.

పట్నాయక్‌గారి తీర్పు ముందు చదివిన పిల్లలు ఇబ్బందిపడతారు. మనసంతా గిరిజనుల వైపు, చట్టం అక్షరాలు చూస్తే ఆయన మాట కొట్టిపారేసేలా లేదు. ఆ ఇబ్బందే నాకు కావలసింది. ఆ తర్వాత మెజారిటీ తీర్పు చదివితే, జస్టిస్ రామస్వామి, రాజ్యాంగంలో గిరిజన ప్రాంతాల పాలన కోసం పెట్టిన అయిదో షెడ్యూలు చరిత్రంతా అన్ని పేజీల్లో ఎందుకు రాయాల్సొచ్చిందో అప్పుడు తెలుస్తుంది. తేలిగ్గా గెలిచే కేసయితే అంత రాసేవారు కాదు.

ఇక జీవో నంబరు 3. దీనిమీద మా గదిలో జరిగిన వాదన నాకు బాగా గుర్తుండిపోయింది, కాస్త వివరంగా చెప్తాను.

2000 జనవరిలో ఉమ్మడి రాష్ట్రం ఇచ్చిన ఉత్తర్వు అది. ఏజెన్సీ స్కూళ్లలో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే. నూటికి నూరు. హైకోర్టులో మెజారిటీ జడ్జీలు సరేనన్నారు. 2020 ఏప్రిల్లో సుప్రీంకోర్టు అయిదుగురు జడ్జీల బెంచి ఏకగ్రీవంగా కొట్టేసింది. అప్పటిదాకా చేరినవాళ్ల ఉద్యోగాలు మాత్రం షరతులతో ఉంచింది. లాక్‌డౌన్ రోజులు కాబట్టి మైదానంలో పెద్ద చప్పుడు కాలేదు. పాడేరు, అరకు వైపు మాత్రం ఈరోజుకీ ఎన్నికలొస్తే మొదట అడిగేది ఇదే.

చీటీలో జీవోని సమర్థించే పని గాజువాక కుర్రాడికి వచ్చింది. జీవోని కొట్టేయాలనే వైపు పాడేరు దగ్గరి అమ్మాయికి. ఆ అమ్మాయి గిరిజన సంక్షేమ హాస్టల్లో చదువుకుని వచ్చింది. చీటీ మార్చుకుంటావా అని అడిగాను. మా దగ్గర ఎవరైనా, కారణం చెప్పకుండా, చీటీ వెనక్కి ఇచ్చేయొచ్చు. "వద్దు మేడం, ఉండనీండి" అంది.

ముందు కుర్రాడు లేచాడు. "పాపం గిరిజనులు, అమాయకులు" అని మొదలెట్టాడు. అక్కడే ఆపేశాను. పాపం అనే మాట మా గదిలో చెల్లదు. ఎవరి గురించి పాపం అంటామో వాళ్లు ఆ గదిలో లేరని అనుకున్నప్పుడే ఆ మాట నోటికొస్తుంది. పాడేరు అమ్మాయి ఎదురుగానే కూర్చుని ఉంది. కుర్రాడు ఎర్రబడ్డాడు. నీళ్లు తాగి మళ్లీ మొదలెట్టాడు, ఈసారి బాగా చెప్పాడు. కింద నుంచి వచ్చిన టీచరు ఘాటు దిగి ఇంటికి పోవడానికే చూస్తాడు. సోమవారం మధ్యాహ్నానికి వచ్చి శుక్రవారం మధ్యాహ్నానికి బస్సెక్కుతాడు. ఒకటో తరగతి పిల్లకి ఇంట్లో మాట్లాడేది కువి భాషో, ఆదివాసీ ఒడియానో. తెలుగు వాచకం పట్టుకుని వచ్చిన మేష్టారు ఆ పిల్లకి విదేశీయుడితో సమానం. అయిదో షెడ్యూలు గవర్నరుకి చట్టాలు మార్చే అధికారం ఇచ్చిందే ఇలాంటివాటి కోసం. మామూలు రిజర్వేషన్ల యాభై శాతం గీతని తెచ్చి ఇక్కడ గీయడమేమిటి? నలుగురైదుగురు చప్పట్లు కొట్టారు.

ఆ అమ్మాయి లేచి, రూలు ప్రకారం అతని మాటని తిరిగి చెప్పింది. తిరిగి చెప్తూ అతనికి తెలియని రెండు విషయాలు కలిపి మరీ బలంగా చెప్పింది. సింగిల్ టీచరు బడిలో మేష్టారు రాకపోతే తాళం తీసేవాడే ఉండడని, ఒక్కోసారి ఊళ్లో పదో తరగతి చదివినవాడు కూర్చోబెట్టి పాఠం చెప్పేవాడని. "ఇదేనా?" అంది. కుర్రాడు "అవును" అన్నాడు, కొంచెం బిత్తరపోయి.

అప్పుడు తన వాదన ఎత్తుకుంది. మేమంతా రిజర్వేషన్లకి యాభై శాతం గీత పెట్టిన 1992 ఇంద్రా సాహ్నీ తీర్పు ఎత్తుతుందనుకున్నాం. అటు వెళ్లలేదు. జీవోలో స్థానికుడు అంటే ఎవరో చదివింది. 1950 జనవరి 26 నుంచి ఆ ప్రాంతంలోనే ఉంటున్నట్టు చూపించాలి. "మా తాత పోడు కోసం కొండ మారాడు. ఆయన దగ్గర ఏ కాయితం ఉంటుంది? ఆ తేదీ నాటికి కాయితాలున్నది ఎవరికి? కాయితాల కోసం తిరిగేది ఎవరి చుట్టూ?" అంది. గిరిజనుల కోసం అని పెట్టిన తలుపు గిరిజనుల్లోనే కొందరి ముఖాన మూసుకుంటుందని చెప్పింది. సుప్రీంకోర్టు కూడా ఆ 1950 షరతుని తప్పుపట్టింది. ఆ పేరా పట్టుకుని, తన వాళ్ల మేలు వదలకుండానే, తనకి నచ్చని వైపుని నిలబెట్టేసింది.

టీ అయ్యాక సైడ్లు మారాయి. జీవోని సమర్థిస్తూ ఆ అమ్మాయి చెప్పినప్పుడు గదిలో ఎవరికీ ఎదురు చెప్పాలనిపించలేదు. నిజమే. నాకు ఎక్కువ నచ్చింది మాత్రం మొదటి వాదనే. నాన్నగారూ, మీరడిగిన ప్రశ్నకి ఆ అమ్మాయే జవాబు. ఆమె అభిప్రాయం మారలేదు. జీవో మళ్లీ రావాలనే ఇప్పటికీ అంటుంది. ఈసారి వస్తే ఆ తేదీ లేకుండా రాయాలని కూడా అంటుంది.

వలల గొడవ మీద కూడా ఒకసారి పెట్టాం. 2022 జనవరిలో మన జాలరిపేటల మధ్య రింగు వలల, అంటే చేపల గుంపుని చుట్టేసి పట్టే పెద్ద వలల, విషయంలో కొట్లాట జరిగి పడవలు తగలబడ్డాయి, గుర్తుండే ఉంటుంది. తీరం నుంచి ఎనిమిది కిలోమీటర్ల లోపల రింగు వలలు వెయ్యకూడదన్నది ఒక వైపు, సముద్రం మీద గీత ఎక్కడుందో ఎవరు చూశారన్నది ఇంకో వైపు. మత్స్యకారుల కుటుంబం నుంచి వచ్చిన ఒకబ్బాయి వల ముక్క కోసి తెచ్చాడు. వల కంట్లో నా చిటికెన వేలు కూడా సరిగ్గా దూరలేదు. ఆ ముక్క అందరి చేతులూ మారాక పర్యావరణం మీద ఉపన్యాసాలు వాటంతటవే తగ్గిపోయాయి. రింగు వల కొనడానికి అప్పు చేసినవాడి లెక్క కూడా అతనే బోర్డు మీద వేశాడు. నేను పెద్దగా మాట్లాడాల్సిన పని పడలేదు.

అన్నిటికీ రెండు వైపులుంటాయని నేననను. అంటరానితనం తప్పా ఒప్పా అని చర్చ పెట్టను. పదిహేడో అధికరణం ఉంది, అయిపోయింది. కులం మారి పెళ్లి చేసుకున్న పిల్లని చంపిన తండ్రి మనసు అర్థం చేసుకుందాం అని ఒకసారి ఒక కుర్రాడు అడిగాడు. కుదరదన్నాను. శిక్ష ఎంత వెయ్యాలన్నది మాట్లాడుకుందాం, అది చట్టం ప్రశ్న. మనసు సంగతి వాళ్ల ప్లీడరు చూసుకుంటాడు.

విషయం ఎలా పెట్టామన్నదే సగం పని. ఎస్సీ వర్గీకరణ మీద పెట్టాలని పిల్లలే అడిగారు, 2024 ఆగస్టులో తీర్పు వచ్చినప్పుడు. తెలుగువాళ్లకి ఇది పరాయి కేసు కాదు. ఎస్సీలని నాలుగు గ్రూపులుగా విడదీస్తూ మన రాష్ట్రం 2000లో చేసిన ఏ, బీ, సీ, డీ చట్టాన్నే 2004లో చిన్నయ్య కేసులో కొట్టేశారు. దాన్ని 2024లో ఏడుగురు జడ్జీల బెంచి ఆరు-ఒకటితో తిరగరాసింది. మా గదిలో మాల పిల్లలున్నారు, మాదిగ పిల్లలున్నారు, ఒక రెల్లి అమ్మాయి ఉంది. ఈ ఊరు తెల్లారేసరికి శుభ్రంగా కనబడటానికి ఎంతమంది రెల్లి మనుషుల వెన్ను వంగుతుందో విశాఖవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. ఓసీ పిల్లలూ ఉన్నారు, అందరికంటే ఎక్కువ మాట్లాడాలని ఉత్సాహంగా ఉన్నది వాళ్లే.

అందుకని ఆ రోజు చీటీలు వెయ్యలేదు. ఎవరి పుట్టుకనీ ఎవరి చీటీలోనూ పెట్టలేను. "ఎవరు ఎక్కువ తిన్నారు" అన్న ప్రశ్న తీసేసి, "341వ అధికరణం కింద రాష్ట్రానికి ఈ అధికారం ఉందా" అని రాశాను బోర్డు మీద. జస్టిస్ బేలా త్రివేది తీర్పు, అదే ఆ ఒక్క ఓటు, అందరం చదివాం. ఏ కులాలు ఎస్సీలో చెప్పే రాష్ట్రపతి జాబితాని మార్చే హక్కు పార్లమెంటుకే తప్ప ఇంకెవరికీ లేదన్నది ఆవిడ మాట. ఓసీ పిల్లల్ని జడ్జీల బెంచిగా కూర్చోబెట్టి, ప్రశ్నలు అడగొచ్చు, అభిప్రాయాలు చెప్పకూడదన్నాను. మొహాలు మాడ్చుకున్నారు. ఒకడు "ఇది అన్యాయం మేడం" అన్నాడు. ఒక పూట నోరు మూసుకుని వినడానికే అన్యాయం అనిపించిందా అన్నాను. ఈ పద్ధతి సరైనదేనని నాకు నూరు శాతం నమ్మకం లేదు, మా ఆయన అయితే ఒప్పుకోడు. ఆ పూటకి మాత్రం పనిచేసింది. 2000లో రెల్లి గ్రూపుకి ఒక శాతం, 2025లో మళ్లీ ఒక శాతం. ఆ ఒక్క శాతంలో ఏడాదికి ఎన్ని ఉద్యోగాలు వస్తాయో లెక్క కట్టి చెప్పమని ఆ అమ్మాయి బెంచిని అడిగింది. బెంచి ఫోన్లు తీసి వెతకడం మొదలెట్టింది.

అన్నిటికన్నా కష్టమైన ఆదివారం 2019 డిసెంబరులో. దిశ కేసులో నలుగురు నిందితుల్నీ శుక్రవారం తెల్లారగట్ల ఎన్‌కౌంటర్ చేశారు. పోలీసుల మీద పూలు జల్లారు. ఆదివారం మా పిల్లలు స్వీట్ బాక్సుతో వచ్చారు. గది మొత్తం ఒకే వైపు. చీటీలు వేసినా అవతలి వైపు నిలబడేవాళ్లు లేరు. అలాంటప్పుడు ఆ వైపు నేను తీసుకుంటాను.

రూలు నాకూ రూలే. ఒకమ్మాయి లేచి చెప్పింది. నిర్భయ కేసు జరిగి ఏడేళ్లయింది, అప్పటికింకా ఉరి పడలేదు. "మద్దిలపాలెం బస్టాండులో తొమ్మిది దాటాక ఒక్కదాన్నీ నించుంటే ఎంత టెన్షన్ ఉంటుందో మీకు తెలుసు మేడం. చట్టం ఏడేళ్లకి వస్తుంది. బస్సు పది నిమిషాలకి వస్తుంది. ఆ పది నిమిషాలు నాకెవరున్నారు?" నేను తిరిగి చెప్పాను. "కాదు మేడం" అంది. మళ్లీ చెప్పాను. నేను కోర్టుల ఆలస్యం గురించి చెప్తున్నాను, ఆమె భయం గురించి చెప్తోంది. మూడోసారికి ఒప్పుకుంది.

అప్పుడు నావైపు చెప్పాను. హక్కులు, రాజ్యాంగం అని మొదలెడితే స్వీట్ బాక్సు ముందు నిలవదని తెలుసు. ఒకటే అడిగాను. పట్టుకున్నవాళ్లు అసలు వాళ్లు కాకపోతే, ఆ సంగతి ఇప్పుడెవరు కనిపెడతారు? అసలువాడు బయటే ఉంటే నీ బస్టాండుకే వస్తాడుగా? ఆ రోజు ఎవరూ మారలేదు, మారతారనీ నేను అనుకోలేదు. 2022లో, ఆ ఎన్‌కౌంటర్ మీద సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ నివేదిక బయటికొచ్చింది. పదిమంది పోలీసుల మీద హత్య కేసు విచారించాలని అందులో రాశారు. అప్పటికి ఎన్‌రోల్ అయి ప్రాక్టీసులో ఉన్న ఆ అమ్మాయి నివేదిక పీడీఎఫ్ పంపించి, కింద ఒక్క లైను రాసింది: "నా పది నిమిషాల సంగతి ఇందులో కూడా లేదు మేడం." ఆ లైనుకి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. కొత్త బ్యాచిలకి ఆ నివేదికతోపాటు ఆ లైను కూడా చదివి వినిపిస్తాను.

వచ్చే ఆదివారం ఇద్దరు పిల్లల నిబంధన. ముగ్గురుంటే సర్పంచిగా పోటీకి పనికిరారని 1994 పంచాయతీరాజ్ చట్టంలో పెట్టారు, 2024లో మన అసెంబ్లీయే తీసేసింది. ఇలాంటి హర్యానా రూలుని 2003లో జావేద్ కేసులో సుప్రీంకోర్టు సమర్థించింది. ఇంట్లో మూడో సంతానంగా పుట్టిన ఒక పిల్ల "నన్ను రూలు వైపే వెయ్యండి మేడం, మా అమ్మతో ఎలాగూ రోజూ అదే వాదన" అని ముందే చెప్పేసింది. చీటీ లేకుండానే ఇచ్చేశాను. ఒక్కటే చిక్కు. జావేద్ తీర్పు ఏకగ్రీవం, ముందు చదవడానికి అందులో ఓడిన తీర్పు లేదు. ఈసారి అది పిల్లలే రాసుకురావాలి. నాలుగు పేజీలు దాటకూడదన్నాను.